ఫ్రెంచి క్రియావిశేషణాలకు గణవిభజన

జూన్ 9, సోమవారం. కాన్‌బెర్రాలో రాజుగారి పుట్టినరోజు సెలవు.

ఉదయం 9:15. పెసరట్టు మీద అల్లప్పచ్చడి రాసుకుంటూ సంజయ్ ప్రకటించాడు. మనం కెనడా వెళ్తున్నాం. ఒట్టావాలో ఉంటున్న వంశీధర్, అంటే ఈయనగారి ఇంజినీరింగ్ రూమ్మేటు, నిన్న ఫోన్లో గంటసేపు ఊదరగొట్టాడట.

(నోటితో మా ఆయన్ని మీరు అనే అంటాను. డైరీలో అనను. ఇది నా డైరీ.)

హైదరాబాదు అయింది, పెర్త్ అయింది. కాన్‌బెర్రా వచ్చి రెండేళ్ళయింది. ఇక్కడ పర్మనెంట్ రెసిడెన్సీ ఉంది, హారిసన్‌లో అద్దెకైనా మంచి ఇల్లుంది. అయినా మా ఆయన కళ్ళకి ఎప్పుడూ పక్క ఊరే పచ్చగా కనిపిస్తుంది. పక్క ఊరు మరీ దూరమైతే ఇంకా పచ్చగా కనిపిస్తుంది.

ఇందులో నా పాత్ర: కెనడా వాళ్ళు నలభై దాటినవాళ్ళకి వయసు మార్కులు తెగ్గోస్తారట. సంజయ్‌కి నలభై రెండు, నాకు ముప్పై ఎనిమిది. ఫ్రెంచి వచ్చినవాళ్ళకైతే పీట వేసి మరీ కూర్చోబెడతారట. కాబట్టి దరఖాస్తు నా పేరు మీద, ఫ్రెంచి నా నోట్లో.

“నీకు భాషలంటే మంచినీళ్ళ ప్రాయం కదా భానూ,” అన్నాడు. “నాకు ఇంగ్లీషే అంతంతమాత్రం.”

నేను పడిపోయాను. టెన్తులో తెలుగుకి తొంభై ఏడు. రేపల్లెలో మా వీధికి నేనే ఫస్టు. ఆ సంగతి ఎవరైనా గుర్తుచేస్తే చాలు, ఇల్లు రాసిచ్చేస్తాను.

తీర్మానం: రేపటినుంచి క్లాసు. రోజుకి పది మాటలు. నవంబరులో పరీక్ష. భానుశ్రీ తలుచుకుంటే ఫ్రెంచి ఒక లెక్కా!

జూన్ 10, మంగళవారం

సాయంత్రం 6:30. అమీర్‌పేటలో మధ్యాహ్నం రెండు. ద్వారకానాథ్ సార్ ఆన్‌లైన్‌లో దర్శనమిచ్చారు. వెనక గోడ మీద ఈఫిల్ టవర్ క్యాలెండర్, దాని పక్కన బ్యాచ్ టైమింగ్స్. ఆయన ఎప్పుడూ ఫ్రాన్సు వెళ్ళలేదు. వెళ్ళినవాళ్ళకి ఉచ్చారణ పాడవుతుందని ఆయన అభిప్రాయం.

సార్ ఫార్ములా: పరీక్షలో క్రియావిశేషణాలు స్కోరింగ్ టాపిక్. త్వరగా, నెమ్మదిగా, నిజంగా లాంటివి. మనం చివర ‘గా’ తగిలిస్తాం, వాళ్ళు చివర ‘మాఁ’ తగిలిస్తారు, అంతే తేడా. రెండొందలు బట్టీ పడితే మాట్లాడే పరీక్షలో ఎగ్జామినరు కళ్ళు తిరిగి మార్కులు వేసేస్తాడట. క్రియలు, వాక్యాలు అవీ తర్వాత చూసుకోవచ్చట. ఇంజినీరింగ్ ఎంట్రన్సుకి సగం సిలబస్ వదిలేసి చదివిన జాతి మాది. వెంటనే నచ్చేసింది.

ఆ ‘మాఁ’లో సున్నని పూర్తిగా పలకకూడదు. ముక్కులోకి సగం పంపి ఆపెయ్యాలి. అంటే మన అరసున్న! ఎప్పుడో రిటైరైపోయిన అక్షరానికి కాన్‌బెర్రాలో మళ్ళీ ఉద్యోగం దొరికింది. ఆనందంతో పది మాటలకి బదులు పద్నాలుగు నేర్చుకున్నాను.

జూన్ 11, బుధవారం

నాకు బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. ఫ్రెంచి మాటని అక్షరాలుగా విరవడం అందరికీ కష్టమట. విరవడం నాకు చెప్పాలా? టెన్తులో పద్యాలకి గణవిభజన చేసి చేసి వేళ్ళు కాయలు కాశాయి. పొట్టి అక్షరమైతే నిలువు గీత, లఘువు. పొడుగైతే గిన్నెలా వంపు గీత, గురువు.

ఫ్రిజ్ తలుపు మీద మార్కరుతో రాశాను. ‘త్వరగా’ అనే మాట: ర, పి, ద, మాఁ. మూడు లఘువులు, ఒక గురువు. నగం! సాక్షాత్తూ ఇంద్రగణం! ఫ్రెంచివాళ్ళు తెలియకుండానే తేటగీతి మాట్లాడుతున్నారు.

సంజయ్ ఫ్రిజ్ ఫోటో తీసి వంశీధర్‌కి పంపాడు. “మా ఆవిడ ఆల్రెడీ గ్రామర్‌లోకి దిగిపోయింది రా,” అని వాయిస్ మెసేజి. గర్వంగా అనిపించింది. కాదని ఎందుకు అబద్ధం చెప్పాలి.

జూన్ 14, శనివారం

ఇప్పటికి నలభై దాటాయి. ట్రామ్‌లో కూడా ప్రాక్టీసు. నల్లర్బార్ అవెన్యూ స్టాపులో ఎక్కి, మిచెల్‌లో దిగేలోపు ‘దురదృష్టవశాత్తూ’ అన్న మాటని పదకొండుసార్లు అన్నాను. మలెరెజ్‌మాఁ, మలెరెజ్‌మాఁ. పక్క సీటాయన లేచి వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాడు.

సింధుజ మా అమ్మాయి, పదేళ్ళు. తెలుగు మొత్తం అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో. నా ‘మాఁ’ విని, “అమ్మా, యు సౌండ్ లైక్ యు హావ్ ఎ కోల్డ్,” అంది. ముక్కు సరిగ్గా వాడుతున్నానన్నమాట. మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

జూన్ 17, మంగళవారం

క్లాసులో అవమానం.

‘ర-పి-ద-మాఁ’ అని గణం చెడకుండా చదివాను. సార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. రాసేటప్పుడు నాలుగే కానీ పలికేటప్పుడు ఆ ‘ద’లో అచ్చు మింగెయ్యాలట. రపిద్‌మాఁ. మూడే. ‘నెమ్మదిగా’ కూడా అంతే, లాఁత్‌మాఁ, రెండే. మరి మింగేదాన్ని రాయడం ఎందుకు, జీతం దండగ కాదా అని అడిగాను. అలా అడిగినవాళ్ళెవరూ బ్యాచ్‌లో పాసవలేదన్నారు.

సరే, ఇకనుంచి అన్నిచోట్లా మింగుతానన్నాను. అన్నిచోట్లా మింగకూడదట. ఆ అచ్చుకి ముందు రెండు హల్లులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటే మింగకూడదు, నోట్లో ఇరుక్కుంటుంది. ఇంకోటి. ‘ఖచ్చితంగా’ అనే మాట అబ్సొలుమాఁ. దాన్ని నేను అ-బ్సొ అని విరిచాను. వాళ్ళు అబ్-సొ అని విరుస్తారు. మనం పొల్లుని ఎత్తుకెళ్ళి తర్వాతి అక్షరం కింద ఒత్తుగా పెడతాం. వాళ్ళకి ఆ మర్యాద లేదు.

ఫ్రిజ్ మీద ఇంద్రగణాలన్నీ తుడిచేశాను. ఈరోజు నేర్చుకున్నవి నాలుగు. అందులో రెండు పాతవే.

జూన్ 21, శనివారం

ఉదయం 7:00. జూన్ అంటే ఇక్కడ చలికాలం, బయట మైనస్ నాలుగు. కారు అద్దం మీద మంచు గీకి వచ్చేసరికి పెదాలు బిగుసుకుపోయాయి. ఫ్రెంచికి పెదాలు గుండ్రంగా చుట్టాలి. గడ్డ కట్టిన పెదాలతో చుడితే చిట్లుతాయి. ఆరోగ్యం ముఖ్యం.

మధ్యాహ్నం 2:00. పెదాలు కరిగాయి. కానీ గోంగూర కడగాలి.

రాత్రి 8:00. ఒట్టావాలో చలికాలం మైనస్ పాతిక అని సంజయ్ చెప్పాడు. వంశీధర్‌కి అలవాటైపోయిందట. అక్కడివాళ్ళు పెదాలు ఎలా చుడతారో నాకైతే అంతుపట్టలేదు.

జూన్ 25, బుధవారం

నేను టైల్స్ కంపెనీలో జీతాల లెక్కలు చూస్తాను. ఇక్కడ ఆర్థిక సంవత్సరం జూన్ నెలాఖరుకి ముగుస్తుంది. ఈ వారం ఎవరైనా ఫ్రెంచి అంటే కొడతాను.

నేర్చుకున్నవి: సున్న. అరసున్న కూడా కాదు.

సంజయ్ రోజూ సాయంత్రం లాప్‌టాప్‌లో ఒట్టావా ఇళ్ళు చూపిస్తున్నాడు. “ఈ బేస్‌మెంట్ చూడు,” అంటాడు. ఎలా సాగుతోంది చదువు అని అడుగుతాడు. నాకు వచ్చినవి ఎలా అన్న ప్రశ్నకి జవాబులే కాబట్టి, లాఁత్‌మాఁ అంటాను. ఆయనకి అర్థం కాదు. బాగుందంటాడు.

జూన్ 28, శనివారం

సింధుజ గది సర్దాను. మంచం కింద పెద్ద అట్టపెట్టె. పెర్త్ నుంచి వచ్చినప్పుడు ప్యాక్ చేసిన టేపు సగం ఊడి అలాగే ఉంది. లోపల దాని పుస్తకాలన్నీ. కావలసినప్పుడు ఒకటి తీసుకుని, చదివాక మళ్ళీ పెట్టెలోనే పెడుతోందట.

అలమరాలో పెట్టుకోవచ్చుగా అన్నాను. ఖాళీ అలమరా ఎదురుగానే ఉంది.

“వాట్స్ ద పాయింట్, అమ్మా? వుయ్ ఆల్వేస్ గో.”

కోపంగా కూడా అనలేదు. బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పింది. అది ఇప్పుడు చదివేది మూడో స్కూలు. పెట్టె మళ్ళీ మంచం కిందకి తోశాను.

సాయంత్రం క్లాసు ఎగ్గొట్టాను. నెట్ బాలేదని మెసేజి పెట్టాను. నెట్ బాగానే ఉంది.

జూలై 2, బుధవారం

సాయంత్రం 5:40. తలుపు కొట్టిన చప్పుడు. గడ్డం ఉన్న సర్దార్జీ ఒకాయన, పక్కన భార్య. గ్రైండర్ తీసుకెళ్ళడానికి వచ్చామన్నారు.

ఏ గ్రైండరు?

నా గ్రైండరే. మా అమ్మ కొనిచ్చింది. ఓడలో పెర్త్ వచ్చి, లారీలో కాన్‌బెర్రా వచ్చింది. హైదరాబాదులో ఎంత మెత్తగా రుబ్బేదో హారిసన్‌లోనూ అంతే మెత్తగా రుబ్బుతోంది. కెనడాలో కరెంటు వోల్టేజి వేరట, అది అక్కడ తిరగదట. అందుకని సంజయ్ ముందుచూపుతో ఫోటో తీసి ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టేశాడు. నాకు చెప్పడం మర్చిపోయాడు. ఫోటోలో గ్రైండర్ వెనక ఫ్రిజ్ మీద, నేనింకా తుడవని గణవిభజన కూడా పడింది.

అది అమ్మకానికి లేదని, పొరపాటైందని చెప్పి వాళ్ళకి టీ ఇచ్చి పంపాను. వాళ్ళావిడ వెళ్తూ నా చెయ్యి నొక్కింది. ఆవిడకి ఏం అర్థమైందో కానీ, సరిగ్గానే అర్థమైంది.

సంజయ్‌ని అడిగితే, ఎలాగూ తీసుకెళ్ళలేం కదా, ప్రాక్టికల్‌గా ఆలోచించమన్నాడు. ప్రాక్టికల్‌గా శనగపిండి నానబోశాను. శనగపిండి నానబొయ్యరని గుర్తొచ్చి పారబోశాను. నా మనసు మనసులో లేదు.

జూలై 6, ఆదివారం

బడి సెలవులు. ఫ్రెంచికి కూడా సెలవులు ఉండాలని నా వాదన.

తిరగేసి చూసుకుంటే రెండొందల్లో వచ్చినవి యాభై మూడు, గుర్తున్నవి తొమ్మిది. ఆ తొమ్మిదితోనే ఇల్లు నడుపుతున్నాను. పాలు అయిపోయాయా? మలెరెజ్‌మాఁ. కూరలో ఉప్పు సరిపోయిందా? సెర్తెన్‌మాఁ, అంటే నిస్సందేహంగా. వంశీధర్ వీడియో కాల్‌లో ఉన్నాడు, వచ్చి మాట్లాడతావా? ముక్కులో అరసున్న నొప్పిగా ఉందన్నాను.

సార్ నుంచి మెసేజి: శనివారం మాక్ టెస్టు, తప్పించుకోవద్దు.

జూలై 12, శనివారం

ఉదయం 10:30. మాక్ టెస్టు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

సంజయ్ పక్కనే సోఫాలో కూర్చున్నాడు, చూస్తానని. ద్వారకానాథ్ సార్ టై కట్టుకుని ఎగ్జామినరు వేషంలో వచ్చారు. మొదటి ప్రశ్న ఫ్రెంచిలో అడిగారు. కెనడా ఎందుకు వెళ్ళాలనుకుంటున్నారు?

నేను ధైర్యంగా మొదలుపెట్టాను. ఖచ్చితంగా. నిజంగా. తప్పకుండా. అదృష్టవశాత్తూ. ఒక్కొక్కటీ చక్కగా విరిచి, మింగాల్సింది మింగి, ముక్కుతో ముగించి పలికాను. సార్ టై సర్దుకుని, ఉచ్చారణ చాలా బాగుంది కానీ ఇంతవరకూ ఏ పనీ జరగలేదు మేడం అన్నారు. నిజమే. నా దగ్గర పని ఎలా జరిగిందో చెప్పే మాటలే ఉన్నాయి. పని లేదు.

“పోనీ ముందు తెలుగులో చెప్పండి మేడం,” అన్నారు. “నేను ట్రాన్స్‌లేట్ చేసిస్తా, బట్టీ పట్టేద్దురు గాని. కెనడా ఎందుకు వెళ్దామనుకుంటున్నారు?”

నోరు తెరిచాను. తొంభై ఏడు మార్కుల తెలుగులో ఒక్క మాట దొరకలేదు.

 సార్ ఎదురుచూస్తున్నారు. సోఫాలో సంజయ్ ఫోన్ పక్కన పెట్టి నా వైపు చూస్తున్నాడు.

“అది మా ఆయన్ని అడగాలి సార్,” అన్నాను.

“పరీక్ష హాల్లోకి వారిని రానివ్వరు మేడం.”

లాప్‌టాప్ మూసేశాను. సార్‌కి నమస్కారం కూడా పెట్టలేదు.

జూలై 13, ఆదివారం

చెప్పేశాను.

సంజయ్ కారు కడుగుతుంటే వెళ్ళి పక్కన నిలబడ్డాను. నిన్న ఎందుకు అలా ఆగిపోయావని ఆయనే అడిగాడు. ఫ్రెంచి కష్టంగా ఉంటే ఇంకో సార్‌ని చూద్దామన్నాడు.

“ఫ్రెంచి సంగతి కాదండీ. నేను రాను. నాకిక్కడ బాగుంది. పాపకి పెట్టెలోంచి పుస్తకాలు తీసే ఊరు ఒకటి కావాలి. నాకూ కావాలి.”

పైపు నీళ్ళు కారు మీద కాకుండా నేల మీద పోతున్నాయి. సంజయ్ వెళ్ళి కుళాయి కట్టేశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

“వంశీ గాడికి అక్కడ సొంతిల్లు, టీమ్ లీడు. ఇక్కడ నన్ను ఏడాదికోసారి కాంట్రాక్టు ఉంటుందో లేదో అడుక్కునేలా పెట్టారు. అక్కడైతే ఏదో అవుతాననుకున్నా భానూ.”

పదమూడేళ్ళ కాపురంలో ఆ మాట ఆయన నోట మొదటిసారి విన్నాను. ఇన్నాళ్ళూ ఈయనకి ఊళ్ళ పిచ్చి అనుకున్నాను. ఊరు మారితే తను మారతాననుకుంటున్నాడు, పాపం. జాలేసింది. గట్టిగా పట్టుకోవాలనిపించింది, కానీ ఆయన చేతులకి సబ్బు నురగ ఉంది. అయినా నా మాట వెనక్కి తీసుకోలేదు. రెండూ నిజమే. జాలి నిజమే, రాననడమూ నిజమే.

జూలై 16, బుధవారం

మాటల్లేవు. ఉప్పు అందించు, తాళం ఎక్కడ, అంతే. ఒట్టావా బేస్‌మెంట్లు మాత్రం లాప్‌టాప్‌లో కనిపించడం లేదు.

సింధుజ ఏదో వాసన పట్టింది. వంటింట్లోకి వచ్చి, “సో ఆర్ వుయ్ స్టేయింగ్? లైక్, స్టేయింగ్ స్టేయింగ్?” అంది.

నేను సంజయ్ వైపు చూశాను. ఆయన పెరుగన్నం కలుపుతూ తలెత్తకుండా, “ఆఁ, ఉంటున్నాం,” అన్నాడు. అది గదిలోకి పరిగెత్తింది. ఆ తర్వాత టేపు పీకుతున్న చప్పుడు వచ్చింది. ఇద్దరం విని, విననట్టు తిన్నాం. 

ఫ్రెంచి పుస్తకం పాత పేపర్లలో పడేశాను. పీడ విరగడైంది.

జూలై 19, శనివారం

ఉదయం 8:20. కాఫీ కలుపుతుంటే హాల్లోంచి సంజయ్ గొంతు. వంశీధర్‌తో ఫోన్లో.

“లేదురా, డ్రాప్ అయిపోయాం. భానుకి ఫ్రెంచి అబ్బట్లేదు. చాలా ట్రై చేసింది, పాపం.”

పాపం!

నా చెంచా ఆగిపోయింది. వెళ్ళనన్నది నేను. అబ్బలేదని ఎవరన్నారు? ఉచ్చారణ చాలా బాగుందని సార్ అనలేదా? టై కట్టుకుని మరీ అనలేదా?

11:00. నూజివీడు నుంచి అత్తగారి ఫోను. అప్పుడే అక్కడిదాకా పాకింది. “బెంగ పెట్టుకోకమ్మా, అందరికీ అన్నీ వస్తాయా ఏంటి? నీకు వంట బాగా వచ్చుగా,” అని ఓదార్చారు. ఓదార్పు విని ఒళ్ళు మండడం ఇదే మొదలు.

4:30. ఆడపడుచు భ్రమరాంబ మెసేజి: వదినా, డోంట్ ఫీల్. కింద ఏడుస్తున్న బొమ్మ.

సంజయ్‌ని నిలదీశాను. మరేం చెప్పమంటావు, నా పెళ్ళాం రానందని చెప్పనా అన్నాడు. చెప్పొచ్చుగా అన్నాను. మగాడి పరువు నీకు తెలీదన్నాడు. తొంభై ఏడు మార్కుల పరువు మీకు తెలీదన్నాను. చాన్నాళ్ళ తర్వాత ఇద్దరం హాయిగా పోట్లాడుకున్నాం. చివరికి ఆయనే నవ్వేశాడు. నేను నవ్వలేదు.

6:00. పాత పేపర్లలోంచి ఫ్రెంచి పుస్తకం బయటికి తీశాను. అట్ట మీద అంటిన దోసకాయ గింజ తుడిచాను.

జూలై 21, సోమవారం

ఉదయం 6:00. అలారం. మైనస్ మూడు. లేచాను.

నిన్ననే సార్‌కి ఫోన్ చేశాను, మళ్ళీ చేరతానని. ఈసారి క్రియలు కూడా చెప్పాలని షరతు పెట్టాను. సిడ్నీలో నవంబరు పరీక్షకి పేరు కూడా నమోదు చేశాను. రోజుకి పది మాటలు, చలి ఉన్నా, గోంగూర ఉన్నా, నెట్ బాగున్నా.

సంజయ్ పళ్ళు తోముకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఫ్రిజ్ మీద మళ్ళీ గీతలు చూసి బ్రష్ తీశాడు.

“మనం వెళ్ళట్లేదు కదా భానూ. మరి ఇదెందుకు?”

ఈసారి జవాబు వెతుక్కోలేదు.

“పాసై, వెళ్ళకుండా ఉండటానికండీ.”